నడుం నొప్పి తగ్గకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి: ఎముకల వైద్యుడా, నరాల వైద్యుడా, కీళ్లవాతం వైద్యుడా?

మూడు నెలలు దాటినా తగ్గని నడుం నొప్పితో విశాఖపట్నం వచ్చే మనిషికి వైద్యులు దొరకరన్న బెంగ లేదు. రామ్‌నగర్, మహారాణిపేట వీధుల్లోనూ, ఆరిలోవ వైపు హెల్త్ సిటీలోనూ వెన్నెముక బొమ్మ వేసిన బోర్డులు వరసగా కనిపిస్తాయి. ఒకదాని మీద ఆర్థోపెడిక్స్ అని ఉంటుంది, మరోదాని మీద న్యూరో సర్జరీ అని, ఇంకొన్నిచోట్ల స్పైన్ సెంటర్, పెయిన్ క్లినిక్, రుమటాలజీ, ఫిజియోథెరపీ అని ఉంటుంది. శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు ప్రాంతాల నుంచి, అటు ఒడిశాలోని కోరాపుట్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన కుటుంబం వీటిలో ఏ తలుపు తట్టాలో ఎక్కువగా బంధువుల మాట మీదే తేల్చుకుంటుంది. ఆ మొదటి తలుపు తప్పు తలుపయితే పోయేది ఓపీ ఫీజు మాత్రమే కాదు, కొన్ని జబ్బుల్లో ఏళ్లకు ఏళ్లు పోతాయి. ఏ నిపుణుణ్ణి కలవాలన్న ప్రశ్నకు జవాబు చాలావరకు నొప్పి తీరులోనే ఉంటుంది. అది ఎప్పుడు వస్తుంది, ఎటు పాకుతుంది, దేనితో తగ్గుతుంది అన్న వివరాలు స్కాను రిపోర్టు కన్నా ముందు చదవవలసినవి.

ఎన్నాళ్లు ఉంటే దీర్ఘకాలిక నొప్పి అంటారు

చివరి పక్కటెముకల కింది నుంచి పిరుదుల మడతల దాకా ఎక్కడ నొప్పి ఉన్నా వైద్యులు దాన్ని నడుం నొప్పి కిందే లెక్క వేస్తారు. ఆరు వారాలలోపు ఉంటే అది కొత్త నొప్పి, పన్నెండు వారాలు దాటితే దీర్ఘకాలిక నొప్పి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న అంచనా ప్రకారం 2020లో 61.9 కోట్ల మంది నడుం నొప్పితో బాధపడ్డారు, 2050 నాటికి ఈ సంఖ్య 84.3 కోట్లకు చేరవచ్చు.

ఈ రోగుల్లో దాదాపు 90 శాతం మందిది నిర్దిష్ట కారణం తేలని నొప్పి. ఆ మాట వినగానే చాలామంది నొచ్చుకుంటారు, తమ నొప్పిని వైద్యుడు నమ్మలేదనుకుంటారు. నొప్పి నూటికి నూరుపాళ్లు నిజం. ఫలానా పూస వల్ల, పూసల మధ్య మెత్తలా ఉండే ఫలానా డిస్క్ వల్ల వచ్చిందని ఇప్పుడున్న పరీక్షలు కచ్చితంగా వేలెత్తి చూపలేవన్నదే ఆ మాటకు అర్థం. ఈ 90 శాతం మందికి కావలసిన వైద్యం ఒక రకం. మిగిలిన కొద్దిమందిలో నరం నొక్కుకుపోయినవారు, నరాలు వెళ్లే వెన్ను కాలువ సన్నబడినవారు, కీళ్లవాతం ఉన్నవారు, క్షయ, క్యాన్సర్ ఉన్నవారు, పూస విరిగినవారు కలిసి ఉంటారు. వీరిని గుంపులోంచి వేరు చేసి సరైన చోటికి పంపడమే మొదట చూసే వైద్యుడి అసలు పని.

గంటలు, రోజులు లెక్కపెట్టవలసిన లక్షణాలు

నడుం నొప్పితో పాటు మలమూత్ర ద్వారాల చుట్టూ, తొడల లోపలి వైపు మొద్దుబారినా, మూత్రం బిగుసుకుపోయినా, తెలియకుండా జారిపోతున్నా, రెండు కాళ్లలోనూ బలం తగ్గుతున్నా వెన్నుపాము దిగువన ఉన్న నరాల కట్ట మొత్తం నొక్కుకుపోయిందని అనుమానించాలి. దీన్ని కాడా ఈక్వైనా సిండ్రోమ్ అంటారు. ఇందులో ఆలస్యమయ్యే ప్రతి గంటా మూత్రం మీద అదుపు శాశ్వతంగా పోయే ప్రమాదాన్ని పెంచుతుంది. ఇక్కడ ఓపీ చీటీల ప్రస్తావనే రాదు, వెన్ను శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి అత్యవసర విభాగమే దారి.

రోజుల్లో తేల్చుకోవలసిన లక్షణాలు వేరే ఉన్నాయి. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, పడుకున్నా వదలని రాత్రి నొప్పి, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఎముకలు గుల్లబారిన వయసులో చిన్నగా జారిపడటం, ఏళ్ల తరబడి స్టిరాయిడ్ మాత్రలు వాడటం వాటిలో ముఖ్యమైనవి. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. వెన్నుపూసకు పట్టే క్షయలో దగ్గు ఉండాలన్న నియమం లేదు. పాడేరు ఏజెన్సీ నుంచి వచ్చిన 34 ఏళ్ల మనిషికి నాలుగు నెలలుగా నడుం నొప్పి ఉందనుకుందాం. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన ఇంజెక్షన్లతో రెండు రోజులు తగ్గి మళ్లీ వస్తోంది, ఈలోగా పంచె నడుముకు వదులైంది. ఈ మనిషికి ఫిజియోథెరపీ సెంటరులో పెట్టే కరెంటు వల్ల మేలు లేదు, కాలం మాత్రం గడిచిపోతుంది. రక్తపరీక్ష, ఎంఆర్‌ఐ, అవసరమైతే పూస నుంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష కావాలి. ఇవన్నీ ఒకేచోట జరిగే విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) వంటి బోధనాసుపత్రి అతనికి సరైన తలుపు. క్షయ అని తేలితే మందులు ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా వస్తాయి.

బోర్డుల మీది పేర్ల వెనుక ఎవరు ఏం చేస్తారు

ఎముకల వైద్యుడు, అంటే ఆర్థోపెడిక్ సర్జన్, ఎంఎస్ లేదా డీఎన్‌బీ చదివి ఒళ్లంతటి ఎముకలకూ కీళ్లకూ వైద్యం చేస్తారు. వారిలో కొందరు మోకీలు మార్పిడికే పరిమితమవుతారు, కొందరు వెన్నెముక మీద ప్రత్యేక శిక్షణ పొందుతారు. జనం నరాల డాక్టరు అని పిలిచేవారిలో ఇద్దరున్నారు. డీఎం చదివిన న్యూరాలజిస్టు మందులతో వైద్యం చేస్తారు, శస్త్రచికిత్స చేయరు. ఎంసీహెచ్ చదివిన న్యూరో సర్జన్ మెదడుకూ వెన్నుకూ శస్త్రచికిత్స చేస్తారు. కాలి తిమ్మిరి నడుము దగ్గరి నరానిదా, మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతిన్నందుకా అని సందేహం ఉన్నప్పుడు న్యూరాలజిస్టు చేయించే నరాల వాహకత పరీక్ష ఉపయోగపడుతుంది. మామూలు నడుం నొప్పికి ఆ అవసరం రాదు.

పెయిన్ క్లినిక్ నడిపేవారు ఎక్కువగా ఎండీ అనస్థీషియా తరువాత నొప్పి వైద్యంలో శిక్షణ పొందినవారు. ఫిజికల్ మెడిసిన్ అండ్ రీహాబిలిటేషన్‌లో ఎండీ చేసిన వైద్యులు శస్త్రచికిత్స లేకుండా మనిషిని తిరిగి పనిలోకి తేవడం మీద దృష్టి పెడతారు. దీర్ఘకాలిక నడుం నొప్పికి వీరంత సరిపోయే నిపుణులు మరొకరు లేరని నా అభిప్రాయం, కానీ వీరు సంఖ్యలో తక్కువ, వీరి గురించి తెలిసినవారు ఇంకా తక్కువ. ఫిజియోథెరపిస్టు బీపీటీ లేదా ఎంపీటీ చదివి వ్యాయామ చికిత్స చేస్తారు, మందులు రాయరు.

ఇంత జాబితాలో జనం మరిచిపోయేది జనరల్ ఫిజీషియన్‌ను. నొప్పి కిడ్నీ రాయిదా, గర్భాశయ సంబంధమైనదా, నడుముదేనా అని తొలుత విడదీయగలిగేది ఆయనే. నొప్పి మాత్రలు ఎవరు రాసినా వాటి భారాన్ని లెక్క చూడవలసిందీ ఆయనే. డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ వంటి మాత్రలు నెలల తరబడి వేసుకుంటే కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఉంది, రక్తపోటు కూడా పెరుగుతుంది. కిడ్నీ జబ్బు విస్తారంగా ఉన్న ఉద్దానం నుంచి, కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి విశాఖ వచ్చేవారికి కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష చూడకుండా ఈ మాత్రలు కొనసాగించడం నడుం నొప్పి కన్నా పెద్ద నష్టాన్ని తెచ్చిపెట్టగలదు.

తెల్లవారుజామున లేపే నొప్పి: ఎక్కువగా తప్పిపోయే జబ్బు

మధురవాడలో ఉంటూ రుషికొండ కొండ మీది సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేసే 27 ఏళ్ల యువకుడికి రెండేళ్లుగా నడుం నొప్పి ఉందనుకుందాం. రోజంతా కుర్చీలో కూర్చోవడం వల్లనే అని ఇంట్లోవాళ్లూ, ఆఫీసువాళ్లూ తీర్మానించారు. అతణ్ణి సరిగా అడిగితే మరో సంగతి బయటపడుతుంది. నొప్పి తెల్లవారుజామున మూడు నాలుగు గంటలకు నిద్ర లేపుతుంది. లేచాక అరగంటకు పైగా నడుము కర్రలా బిగుసుకుని ఉంటుంది. కాస్త నడిచి, వేడినీళ్లు పోసుకుంటే సడలుతుంది. ఆదివారం ఇంట్లో పడుకుంటే తగ్గవలసింది పోయి పెరుగుతుంది. ఒకసారి ఎడమ పిరుదులో, ఒకసారి కుడి పిరుదులో పోటు వస్తుంది. ఒకప్పుడు కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతే కంటి వైద్యుడు చుక్కలు వేశారు, దానికీ దీనికీ సంబంధం ఉంటుందని ఎవరికీ తోచలేదు.

అలుపు వల్ల వచ్చే నొప్పి విశ్రాంతితో తగ్గుతుంది, వాపు వల్ల వచ్చే నొప్పి విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గుతుంది. ఈ ఒక్క తేడా చాలాసార్లు దారి చూపిస్తుంది. 45 ఏళ్లలోపు మొదలై, మూడు నెలలు దాటి, ఈ తీరులో నడిచే నొప్పి ఆక్సియల్ స్పాండిలో ఆర్థ్రైటిస్ కావచ్చు. ముదిరిన దశలో దీన్ని యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అంటారు. మన ఊళ్లలో వయసుతో వచ్చే పూసల అరుగుదలనూ స్పాండిలైటిస్ అనే అంటారు కాబట్టి, ఆ పేరు విన్నా ఇది వేరే జబ్బని కుటుంబానికి తట్టదు. దీనికి వైద్యుడు రుమటాలజిస్టు, అంటే కీళ్లవాతం వైద్యుడు.

ఇది ఆలస్యంగా తెలియడానికి పరీక్షలూ ఒక కారణం. తుంటి దగ్గరి శాక్రో ఇలియాక్ కీళ్లలో జబ్బు మొదలవుతుంది. తొలి ఏళ్లలో ఆ కీళ్ల ఎక్స్‌రే మామూలుగానే కనిపించవచ్చు. నడుముకు తీసే సాధారణ ఎంఆర్‌ఐలో ఆ కీళ్లు పూర్తిగా రావు, వాటికోసం విడిగా అడిగి తీయించాలి. హెచ్‌ఎల్‌ఏ బీ27 అనే రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, ఆ గుర్తు ఉన్నవారిలో ఎక్కువమందికి జబ్బు ఎన్నటికీ రాదు. నెగటివ్ వచ్చినంత మాత్రాన జబ్బు లేనట్టూ కాదు. వేర్వేరు దేశాల్లో లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి జబ్బు పేరు తెలిసేదాకా సగటున ఆరేడేళ్లు పడుతోంది. ఈ లోపు వెన్ను వంగిపోయి బిగుసుకుపోతే ఆ వంకర మందులతో తిరిగి రాదు. ముందే పట్టుకుంటే మాత్రం వ్యాయామం, వాపు తగ్గించే మాత్రలు, అవసరమైనప్పుడు వాపును రేపే ప్రోటీన్లను అడ్డుకునే బయోలాజిక్ ఇంజెక్షన్లు అతణ్ణి మామూలు జీవితంలో ఉంచగలవు.

నడిస్తే వచ్చి, వంగితే తగ్గే నొప్పి

66 ఏళ్ల ఆవిడ పూర్ణా మార్కెట్‌లో నాలుగు దుకాణాలు దాటేసరికి రెండు కాళ్లూ బరువెక్కి లాగేస్తాయి. అరుగు మీద కూర్చుంటే రెండు నిమిషాల్లో సర్దుకుంటాయి. ముందుకు వంగి కూరల బండిని పట్టుకుని నడిస్తే ఇబ్బంది తక్కువ. ఇది వెన్ను కాలువ సన్నబడిన తీరు. వంగినప్పుడు ఆ కాలువ కొద్దిగా వెడల్పవుతుంది కాబట్టే ఉపశమనం. ఎముకల వైపు గానీ, నరాల వైపు గానీ వెన్ను సర్జన్ చూడదగ్గ నొప్పి ఇది. అదే ఆవిడకు కూర్చోనక్కర లేకుండా, నిలబడితేనే పిక్కల నొప్పి తగ్గి, పాదాలు చల్లగా ఉంటే, చూడవలసింది కాళ్ల రక్తనాళాలను. అప్పుడు వెళ్లవలసింది వాస్క్యులర్ సర్జన్ దగ్గరికి.

ఎంఆర్‌ఐ రిపోర్టు ఎక్కడ దారి తప్పిస్తుంది

చాలామంది వైద్యుణ్ణి ఎంచుకునే ముందే స్కాను తీయించుకుని, అందులోని పదాలను బట్టి నిపుణుణ్ణి వెతుకుతారు. డిస్క్ బల్జ్, అంటే డిస్క్ పొంగు, అని చూడగానే ఆపరేషన్ తప్పదన్న భయం పట్టుకుంటుంది. 2015లో వచ్చిన ఒక సమీక్ష నడుం నొప్పే లేని 3,110 మంది స్కానులను పరిశీలించింది. ఇరవై ఏళ్ల వయసువారిలో 30 శాతం మందికి, యాభై ఏళ్లవారిలో 60 శాతం మందికి, ఎనభై ఏళ్లవారిలో 84 శాతం మందికి డిస్క్ పొంగు కనిపించింది. డిస్క్ అరుగుదల యాభై ఏళ్లవారిలో 80 శాతం మందికి ఉంది. తల వెంట్రుకలు నెరిసినట్టే డిస్కులూ వయసుతో మారతాయి.

అంటే స్కాను అనవసరమని కాదు. స్కానులో కనిపించింది, రోగి చెప్పింది, వైద్యుడు చేత్తో పరీక్షించింది మూడూ ఒకే చోట కలిసినప్పుడే దానికి విలువ. ఫిషింగ్ హార్బరులో చేపల తట్టలు మోసే 48 ఏళ్ల మహిళకు కుడి కాలి చిటికెన వేలిదాకా లాగుతోందనుకుందాం. అది ఎక్కువగా ఎస్‌1 అనే నరం దారి, నాలుగు ఐదు నడుం పూసల మధ్య డిస్క్ సాధారణంగా ఒత్తేది ఎల్‌5 నరాన్ని. ఎల్‌5 నొక్కుకుంటే తిమ్మిరి పాదం పైభాగానికీ బొటనవేలికీ వస్తుంది, బొటనవేలు పైకెత్తే బలం తగ్గుతుంది. ఆమె రిపోర్టులో నాలుగు ఐదు పూసల మధ్య ఎడమ వైపు పొంగు అని ఉంటే, ఆ పొంగు ఆమె నొప్పికి సమాధానం చెప్పడం లేదు. దాన్ని తీసేసినా కుడి కాలి లాగుడు అలాగే ఉంటుంది. ఈ లెక్క సరిచూడాలంటే రోగిని బల్ల మీద పడుకోబెట్టి, కాలు ఎత్తించి, మునివేళ్ల మీద నిలబెట్టి చూడాలి. ఫిల్మును లైటు ముందు పెట్టి చూసి, మనిషిని ముట్టుకోకుండానే ఆపరేషన్ తేదీ ఇస్తే, బోర్డు మీద ఎన్ని డిగ్రీలున్నా ఆ పరీక్ష పూర్తి కానట్టే.

ఎముకల సర్జనా, నరాల సర్జనా

శస్త్రచికిత్స అవసరమన్న దాకా వచ్చాక ఈ ప్రశ్న ఇళ్లలో పెద్ద తగువే అవుతుంది. ఎముకల సర్జన్లు వెన్ను స్థిరత్వం, రాడ్లు స్క్రూల అమరిక, గూని, పక్కకు వంగిన వెన్ను తమ రంగమంటారు. న్యూరో సర్జన్లు మైక్రోస్కోపు కింద నరాన్ని సున్నితంగా కదిలించడం తమకు రోజువారీ పని అంటారు. రెండు వాదనల్లోనూ సత్యం ఉంది. వెన్నుపాము పొర లోపలి కణితి అయితే న్యూరో సర్జన్, వెన్ను వంకరను సరిచేయడమయితే వెన్నులో శిక్షణ పొందిన ఎముకల సర్జన్ అన్నది ఎక్కువమంది అంగీకరించే విభజన. డిస్క్ జారడం, కాలువ సన్నబడటం వంటి సాధారణ సమస్యల్లో రెండు వర్గాలనూ పోల్చి చూసిన అధ్యయనాల్లో మొత్తం మీద ఫలితాలు దగ్గరదగ్గరగానే ఉన్నాయి. అక్కడ డిగ్రీ పేరు కన్నా ఆ సర్జన్ ఆ ఆపరేషన్‌ను ఎంత తరచుగా చేస్తున్నారన్నది ముఖ్యం.

ఏ ఆపరేషన్ అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. కాలికి దిగే నొప్పికి, నరం మీది ఒత్తిడి తీసే ఆపరేషన్‌కు ఆధారాలు బలంగా ఉన్నాయి. నడుములోనే ఉండే, కాలికి దిగని నొప్పికి పూసలను కలిపి బిగించే ఫ్యూజన్ విషయంలో అంత బలం లేదు. 2001 నాటి స్వీడన్ అధ్యయనంలో ఫ్యూజన్ చేయించుకున్నవారు మేలుగా ఉన్నారు. 2003లో నార్వే, 2005లో బ్రిటన్ అధ్యయనాల్లో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కారణం పోలికలో ఉంది: స్వీడన్‌లో రెండో వర్గానికి మామూలు ఫిజియోథెరపీ ఇచ్చారు, మిగతా రెండు చోట్లా భయాన్ని పోగొట్టే మాటలతో కలిపి గట్టి వ్యాయామ కార్యక్రమం ఇచ్చారు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లో, పరిశోధనలో భాగంగా తప్ప, నడుం నొప్పికి ఫ్యూజన్ వద్దంది.

ఇంజెక్షన్ల మీద నడుస్తున్న వాదం

పెయిన్ క్లినిక్‌లలో వెన్ను కాలువలో నరాల చుట్టూ ఇచ్చే ఎపిడ్యూరల్ స్టిరాయిడ్ ఇంజెక్షన్, వెన్ను చిన్న కీళ్ల దగ్గర ఇచ్చే బ్లాకులు అనే మొద్దుబార్చే ఇంజెక్షన్లు, సన్నని నరాన్ని వేడితో మొద్దుబార్చే రేడియో ఫ్రీక్వెన్సీ చేస్తారు. 2025 ఫిబ్రవరిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన మార్గదర్శకాలు మూడు నెలలు దాటిన వెన్ను నొప్పికి ఇవేవీ వద్దని గట్టిగా చెప్పాయి. నొప్పి వైద్యుల సంఘాలు దీన్ని తప్పుపట్టాయి. రోగులను జాగ్రత్తగా ఎంచుకున్న అధ్యయనాలనూ, ఎంచుకోని వాటినీ కలిపి సగటు తీశారని వారి అభ్యంతరం. నైస్ 2016లో మధ్యేమార్గం పట్టింది: నడుం నొప్పికి ఇంజెక్షన్లు వద్దంటూనే, తీవ్రమైన కొత్త సయాటికాకు, అంటే నరం నొక్కుకుని కాలికి దిగే నొప్పికి, ఎపిడ్యూరల్‌నూ, బ్లాకుతో బాగా తగ్గిన కొందరికి రేడియో ఫ్రీక్వెన్సీనీ ఆలోచించవచ్చంది. మధుమేహం ఉన్నవారికి స్టిరాయిడ్ ఇంజెక్షన్ తరువాత కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది, ఆ సంగతి వారి ఫిజీషియన్‌కు ముందే తెలియాలి.

యంత్రం కింద పడుకోవడం వేరు, కండరానికి పని చెప్పడం వేరు

నిర్దిష్ట కారణం తేలని ఆ 90 శాతం మందికి అన్ని మార్గదర్శకాలూ కలిసి చూపేది వ్యాయామ చికిత్సనే. అయితే ఫిజియోథెరపీ పేరుతో జరిగేదంతా ఒకటి కాదు. 2023 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు వ్యాయామం, నొప్పి గురించి అవగాహన కల్పించడం, మానసిక చికిత్స వంటివాటిని సమర్థించి, నడుమును లాగి పట్టే ట్రాక్షన్, అల్ట్రాసౌండ్, టెన్స్ అనే కరెంటు పరికరం, నడుం బెల్టు మామూలుగా వాడవద్దన్నాయి. పది సిట్టింగులూ యంత్రం కింద పడుకోబెట్టి పంపి, ఒక్క వ్యాయామమైనా నేర్పకపోతే ఆ రోగికి ఫిజియోథెరపీ ఫలించలేదని అనడం న్యాయం కాదు. అసలైనది జరగనే లేదు. నొప్పి తగ్గినవారిలో అది తిరగబెట్టడం గురించి 2024లో లాన్సెట్‌లో వచ్చిన ఆస్ట్రేలియా అధ్యయనం, ఫిజియోథెరపిస్టు సలహాతో క్రమంగా నడక పెంచుకున్నవారిలో నొప్పి సుమారు 208 రోజులకు తిరిగి వస్తే, నడక కార్యక్రమం లేనివారిలో 112 రోజులకే వచ్చిందని చూపింది. యోగానూ అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లో తొలి దశ వైద్యాల్లో చేర్చింది. కాలికి నొప్పి దిగుతున్నవారు ముందుకు పూర్తిగా వంగే ఆసనాలను పరీక్ష చేయించుకోకుండా మొదలుపెడితే నొప్పి పెరగవచ్చు. నెలల తరబడి నిద్ర లేక, పనిపోతుందన్న దిగులుతో ఉన్నవారికి సైకాలజిస్టును కలవమంటే పిచ్చి అంటున్నారనుకుంటారు. దిగులు నొప్పిని పెంచుతుంది, నొప్పి దిగులును పెంచుతుంది, రెంటికీ కలిపి వైద్యం చేస్తేనే రెండూ తగ్గుతాయి.

ఇద్దరు సర్జన్లు రెండు మాటలు చెప్పినప్పుడు

ఆటోనగర్‌కు సరుకు తోలే 44 ఏళ్ల లారీ డ్రైవరుకు ఏడు వారాలుగా పిరుదు నుంచి చిటికెన వేలిదాకా నొప్పి లాగుతోంది. కాలి బలం తగ్గలేదు, మూత్రం బాగానే ఉంది, స్కానులో డిస్క్ అదే వైపు, అదే నరం మీద ఉంది. ఒక సర్జన్ ఆపరేషన్ చేద్దామన్నారు, మరొకరు ఇంకో రెండు నెలలు ఆగమన్నారు. ఇద్దరిలో ఒకరు తప్పని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఇలాంటి 283 మంది మీద జరిగి 2007లో వెలువడిన అధ్యయనంలో, త్వరగా ఆపరేషన్‌కు కేటాయించినవారిలో సగం మంది నాలుగు వారాల్లో కోలుకున్నారు, ఆగి చూసే వర్గంలో అదే మెరుగుకు పన్నెండు వారాలు పట్టింది. ఆగినవారిలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్‌కే వెళ్లారు. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాల్లోనూ 95 శాతం మంది బాగుపడ్డారు. లారీ కిస్తీ నెలనెలా కట్టవలసి ఉండి, స్టీరింగు ముందు కూర్చోలేక బండి నిలిచిపోయిన డ్రైవరుకు ఆ ఎనిమిది వారాల తేడా పెద్దది. ఇంటిపట్టున ఉండి మాత్రలతో నెట్టుకురాగలిగిన అతని అన్నకు అదే తేడా చిన్నది, మత్తుమందు, కోత ఎందుకని ఆయన అనుకుంటే తప్పుపట్టలేం. ఈ రెండు నెలల్లో ఏ రోజైనా డ్రైవరు ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే మాత్రం ఈ లెక్క మారిపోతుంది. అప్పుడు ఆగమన్న సర్జనే అతణ్ణి ఆ వారంలోనే చూడాలి.